జంక్షన్ ఖుంటీని పీకింది నేనే

ఈ మధ్య రైల్వేలో కొత్తగా చేరిన ఒకాయన మా ఇంటికి వచ్చాడు. "మిర్యాలగూడకు తూర్పున, నేరేడుచర్ల దారిలో ఒకప్పుడు జంక్షన్ ఉండేదట కదా, దాని చరిత్ర కావాలి" అని పుస్తకం, పెన్సిలు తీశాడు. చెప్పాను. ఆ జంక్షన్‌కు ప్లాట్‌ఫారం లేదు, గంట లేదు, టికెట్ల కిటికీ లేదు, పట్టాలు అసలే లేవు. నేలలో దిగేసిన రెండడుగుల టేకు కట్టె ఒకటి ఉండేది. ఆ కట్టెను కూడా నేనే పీకేశాను. ఆయన పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు. చరిత్ర అంటే ఎవరో కట్టించినదే అనుకునే జబ్బు రైల్వేలోకి కూడా వచ్చిందన్నమాట. మీరైనా కాస్త ఓపిక పట్టండి. కట్టని స్టేషన్లకూ చరిత్ర ఉంటుంది. అందులో నవ్వు కాస్త ఎక్కువ కూడా.

అప్పటికి పోలీసు చర్య జరిగి ఏడాది తిరగలేదు. నాకు ఇరవై రెండేళ్లు. మా ఊరు కోదాడ. బెజవాడలో చదువుకుంటూ, సంస్కరణ సభల్లో వాదాలు విని, నేనూ నాలుగు వాదాలు చేసి, దేవుడు లేడని రుజువు చేయడానికి నాకు పది నిమిషాలు చాలునన్న ధీమాతో తిరిగొచ్చాను. ఆ ధీమాకు ఎవరూ ఉద్యోగం ఇవ్వలేదు. లెక్కలు వచ్చు కనుక రైల్వే సర్వేలో దొరికింది. సూర్యాపేట నుంచి ఒక లైను, కోదాడ నుంచి ఒక లైను వచ్చి, మిర్యాలగూడ మీదుగా కృష్ణ ఒడ్డుకు పోయే లైనులో ఒకచోట కలవాలి. ఆ చోటు ఎక్కడో తేల్చడం మా పని. గుడారాలు, ఎడ్లబండ్లు, మూడు కాళ్ల దుర్భిణి యంత్రం, వందడుగుల ఇనుప గొలుసు, అది మోసే ఖలాసీలు. ఇదీ మా పటాలం. ఆ రోజుల్లో ఆ తాలూకాల్లో మూడు కాళ్ల మీద యంత్రం నిలబెట్టడం చిన్న విషయం కాదు. మొదట మమ్మల్ని మిలిట్రీవాళ్లమనుకుని తలుపులు వేసుకునేవాళ్లు. తరవాత దొర భూములు మళ్లీ కొలవడానికి వచ్చామనుకుని కర్రలు తీసేవాళ్లు. రైలువాళ్లమని తెలిశాక మంచినీళ్లిచ్చి, "రైలా, గింతేనా" అని నిరాశపడేవాళ్లు.

మా పెద్ద సర్వేయరు హైదరాబాదు సాయిబు. ముప్పై ఏళ్లుగా లైన్లు కొలిచినవాడు. గడ్డం పూర్తిగా తెలుపు, నడక మాత్రం పడుచువాళ్లది. ఆయన రోజుకు ఐదు పూటలా నమాజు చేసేవాడు, నేను ఐదు పూటలా ఆయనతో వాదించేవాణ్ని. రిటైరు కావడానికి ఆయనకు ఐదు నెలలుంది. ప్రభుత్వం మారాక పాత ఉద్యోగుల సర్వీసు పుస్తకాలను భూతద్దం పెట్టి చూస్తున్నారు. ఒక్క నల్లచుక్క దొరికితే చాలు, ముప్పై ఏళ్ల నౌకరీ ఒక్క కాగితంతో ఖతం. ఆయనతో పాటు చేరిన ఇద్దరు అప్పటికే అలా ఇంటికి పోయారు.

"నా పుస్తకం సాఫ్‌గుంది బేటా. ఇంక ఐదు నెల్లు గిట్లనే సాఫ్‌గ ఉండాలె. నీ వాదంల దేవుడు ఉంటె ఉండె, లేకుంటె లేకపాయె" అనేవాడు.

ఇక్కడ మా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి, అంతకు మించి చెప్పను. లైను వెంట అక్కడక్కడా మేకులు దిగేస్తూ పోతాం. వాటిని ఖుంటీలనేవాళ్లం. అన్నిటిలోకీ పెద్దది జంక్షన్ ఖుంటీ. దాని నెత్తిన ఇత్తడి మొల ఉంటుంది. మూడు లైన్లూ ఆ మొల నుంచే లెక్క. అలాంటి ఖుంటీ దిగేసిన రోజే, చుట్టుపక్కల కదలని గుర్తులు చూసుకుని, అక్కణ్నించి ఖుంటీకి ఎంత దూరమో కొలిచి సర్వే పుస్తకంలో రాయాలి. వాటిని ఆనవాళ్లు అంటాం. రేపు ఖుంటీ పోయినా ఆనవాళ్లను బట్టి ఆ చోటు మళ్లీ దొరుకుతుంది. అవి రాయడం నా వంతు. ఆ సాయంత్రం గొలుసు చేతిలో పట్టుకుని ఉండగా సాయిబుగారు ఆకాశం వంక చూసి, "గీ సూర్యుణ్ని దినాం టైముకు ఎవరు దింపుతుండ్రు చెప్పు" అన్నాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను. నేను చెప్పడం పూర్తయ్యేసరికి సూర్యుడు ఎవరి సాయమూ లేకుండా దిగిపోయాడు. ఆనవాళ్ల గడి ఖాళీగా ఉండిపోయింది. "రేపు రాస్తాను" అన్నాను. నా మాట మీద ఆయన గడి కింద సంతకం పెట్టాడు. ఆయన నమ్మింది ఇద్దర్ని, దేవుణ్ని, నన్ను. రెండో విషయంలో ఆయన పొరబడ్డాడని రుజువు చేయడానికి నాకు పది నిమిషాలు కూడా అక్కర్లేదు.

రేపు అన్నది నెలరోజులు సాగింది. ఈలోగా మా ఖుంటీలు మాయం కావడం మొదలైంది. ఎండిన టేకు పొయ్యిలో బాగా మండుతుంది, మేకను కట్టేయడానికీ పనికొస్తుంది. జంక్షన్ ఖుంటీ మాత్రం చెక్కుచెదరలేదు. ఎందుకు చెదరలేదని నేను ఆలోచించలేదు. బుద్ధిజీవిని కదా.

ఒక శుక్రవారం జంక్షన్ ఖుంటీ దిగేసిన మెట్ట చెల్క వైపు వెళితే విషయం కళ్లబడింది. ఖుంటీకి నిండా పసుపు, మీద కుంకుమ బొట్లు, చుట్టూ ముగ్గు. పక్కన చెంబుతో నలభై ఏళ్లావిడ నిలబడి ఉంది. చెల్క ఆమెది, ఆమె భర్తది. నా ఒళ్లు భగ్గుమంది. ప్రభుత్వ టేకు కట్టెను పట్టుకుని అమ్మవారిని చేస్తారా అని అక్కడే ఉపన్యాసం ఎత్తుకున్నాను. పొలాల్లోంచి ముప్పై మంది దాకా పోగయ్యారు.

"అమ్మా, ఇది కట్టె. డిపోలో రంపంతో కోస్తుంటే నా కళ్లతో చూశాను" అన్నాను.

"సూస్తివి గద సారూ. మంచిగున్నది."

"దీనికి మొక్కితే ఏమొస్తుంది?"

"రైలొస్తది."

అందరూ నవ్వారు. నవ్వు నా మీదో ఆమె మీదో తెలియలేదు. ఆమె మళ్లీ అంది. "మిరపకాయ బస్తాలు బండి మీద ఖమ్మం తీస్కపోను మూడు దినాలు. ఎడ్లు సస్తున్నయి, మేం సస్తున్నం. రైలొస్తె బాధ తప్పుతది."

ఆమె భర్త కండువా దులుపుకుని ముందుకొచ్చాడు. "దానికి ఇది మొక్కుతది సారూ, నాకైతె దాన్ని సూస్తె కండ్లమంట. నడిమి చెల్కల దిగ్గొట్టిండ్రు. అరక ఎట్ల తోలాలె నేను?"

"నీ మొగుడికున్న జ్ఞానం నీకు లేదమ్మా" అన్నాను. "ఇప్పుడు దీన్ని పీకుతాను. నా కళ్లు పోతాయేమో అందరూ చూడండి."

"పీకకు సారూ. నీ కాల్మొక్త, పీకకు" అంది ఆమె. ముఖంలో నిజమైన కంగారు. అది భక్తి అనుకున్నాను. భక్తి అనుకున్నాక నేను ఆగే మనిషినా? నాలుగు వైపులా తన్ని, ఊపి, రెండు చేతులతో పీకి, తలపైకి ఎత్తి చూపించాను.

"చూశారా, నా కళ్లు పోలేదు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక నుంచి ఒక ముసలాయన మెల్లగా, "కండ్లకేమైతది. నౌకరి పోతది" అన్నాడు. ఆ సభలో తర్కం తెలిసినవాడు ఆయనొక్కడే.

అప్పుడే ఆ బొందలో దాన్ని మళ్లీ దింపి ఉంటే ఈ కథే లేదు. గెలిచిన ఊపులో ఉన్నాను. సాయిబుగారికి చూపించాలనిపించింది. ఖుంటీని భుజాన పెట్టుకుని గుడారాల దాకా ఊరేగాను. ఆయన చాయ్ తాగుతున్నాడు. ఖుంటీని చూశాడు, నన్ను చూశాడు, కప్పు కింద పెట్టాడు.

"ఆనవాళ్లు రాసినవా బేటా?"

నాకు బదులుగా ఆకాశం మాట్లాడింది. మృగశిర తొలివాన. రాత్రి దాకా కుండపోత. దీన్ని దేవుడి కోపం అని ఖలాసీలు అన్నారు. రుతుపవనాలు అని నేను అన్నాను.

తెల్లారి పరుగెత్తుకెళ్లి చూస్తే చెల్క లేదు, దుక్కి ఉంది. ఆ రైతు కోడికూతకే అరక కట్టి, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా చక్కగా దున్నేశాడు.

"ఎవరు దున్నమన్నారయ్యా?" అన్నాను.

"నువ్వే గద సారూ. ఖుంటీ పీకి భుజాన వేస్కొని పోతివి. స్టేషను రద్దు అయ్యిందనుకున్న. అదును మీదున్నది, దున్నిన." అతని ముఖం పెళ్లికొడుకు ముఖంలా వెలిగిపోతోంది.

ఆ మధ్యాహ్నమే హైదరాబాదు నుంచి పెద్ద ఇంజనీరు జీపులో వస్తున్నాడు. చూడబోయేది ఆ ఖుంటీనే. ఇరుగుపొరుగు ఖుంటీలు చాలావరకు పొయ్యిల్లో మాయమయ్యాయి కనుక, లైను మళ్లీ మొదటినుంచి కొలుచుకు రావాలంటే నాలుగు రోజుల పని. మా దగ్గర నాలుగు గంటలున్నాయి. సాయిబుగారు గట్టు మీద కూర్చుని పుస్తకం తెరిచి ఖాళీ గడి వంక, దాని కింద తన సంతకం వంక చూసుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"పరేషాన్ కాకు. రాసుడు నేనే మర్చిపోయిన అని చెప్త. సంతకం నాదే గద. నీకింక ముప్పై ఏండ్ల నౌకరి ఉన్నది, నాది ఐదు నెల్లు" అన్నాడు.

ఖలాసీలు పారలు తీసుకుని, పందులు దుంపలకు తవ్వినట్టు, తలా ఒక చోట తవ్వడం మొదలుపెట్టారు. నేనూ ఒక పార అందుకున్నాను.

అప్పుడు వచ్చింది ఆవిడ. భుజాన మోట తోలే మోకు చుట్టలుగా వేసుకుని, ముఖం కోపంతో జేవురించి ఉంది.

"ఏం దేవులాడుతుండ్రు?"

"ఖుంటీ ఉన్న చోటు" అన్నాను తల వంచుకుని.

"గట్ల తవ్వితె బావి నీళ్లు పడ్తయి, చోటెట్ల దొరుకుతది. పారలు కింద పెట్టుండ్రి." భర్త వైపు తిరిగింది. "ఓ మనిషీ, గీ కొస పట్కొని బావికాడ రాతి కంబం దగ్గర నిలవడు. ఇంకో మోకు తెచ్చిన. దాని కొస ఆ హద్దురాయి కాడ ఎవరన్న పట్టుండ్రి."

అప్పుడు తెలిసింది నాకు, ఆ పల్లెల్లో హద్దురాళ్లకు కాళ్లుంటాయని. పక్క చెల్కవాడు ఏటా ఒక జానెడు అవతలికి జరుపుతాడు. పట్వారీ దగ్గరికి పోతే ఆయన ఇంకో జానెడు జరుపుతాడు. అందుకని ప్రతి ఇంట్లో బావి కంబం నుంచి హద్దురాయి దాకా మోకుతో కొలిచి, సరిగ్గా రాయి మీదికి వచ్చిన చోట ముడి వేసి, ముడికి గుడ్డపేలిక కట్టి దాచుకుంటారు. ఎవరు ఎప్పుడు రాయి జరిపినా మోకు సాక్ష్యం చెబుతుంది. ఈమె మా ఖుంటీకి కూడా అలాగే ముడులు వేసింది. కంబం నుంచి ఒకటి, మోకుతో సరిచూసిన హద్దురాయి నుంచి ఒకటి. నేను నెలరోజులుగా చేయని పని.

"రైల్వే ఖుంటీకి నువ్వెందుకు ముడి వేశావమ్మా?"

"ఈ మనిషి కొరకే" అని భర్తను చూపించింది. "దీన్ని పీకి పక్కోని చెల్కల పాతుదమని సూస్తుండు. స్టేషను ఆని మీద పడ్తది, మనది బచాయిస్తది అని. యాడ పాతినా అసలు చోటు నాకు తెల్వాలె గద."

"ఒక్కపారి అన్న" అన్నాడు అతను కంబం దగ్గర నుంచి. "పెండ్లాం ముంగట ఒక్క మాట అన్నందుకు ముడేసి పెట్టింది సూడు సారూ."

రెండు మోకులూ బిగలాగి రెండు ముడులనూ ఒకదానికొకటి చేర్చింది. అవి కలిసిన చోట బొటనవేలితో నొక్కి, "గీడ" అంది. సాయిబుగారు లేచి నిలబడ్డాడు. ముప్పై ఏళ్లుగా ఆయన చేస్తున్నది ఇదే. కాకపోతే ఆయనది ఇనుప గొలుసు. ఆయన మోకాళ్ల మీద కూర్చుని చేతులతోనే మట్టి తీశాడు. నాగలి నాలుగు వేళ్ల లోతే పోయింది. దాని కింద గట్టి నేలలో నలుచదరంగా బొంద, అందులోకి జారిన బురద, ఆ బురదలో పసుపు చారలు. ఖుంటీని నిలబెడితే ఒరలోకి కత్తి దిగినట్టు దిగింది. సాయిబుగారు నవ్వడం మొదలుపెట్టాడు. ఖలాసీలు నవ్వారు. చివరికి ఆ భర్త కూడా, తన చెల్క మళ్లీ పోతున్నా, ఆపుకోలేక నవ్వాడు.

నాకు మాత్రం ఒక సందేహం మిగిలింది. "ఇంత కొలత తెలిసిన దానివి, మరి పసుపు కుంకుమ ఎందుకమ్మా? ఇందులో దేవుడున్నాడని నమ్ముతావా?"

ఆమె నా వంక జాలిగా చూసింది. "నమ్ముడేంది సారూ, కట్టెనాయె. ఉత్త కట్టెనైతె పొయ్యిల పెడ్తరు. బొట్టు పెడితె ఎవడన్న ముడ్తడా? నెల దినాల సంది ఒక్కడు ముట్టలే. నువ్వే పీకినవ్."

"ఆ మాట నిన్ననే చెప్పొచ్చు కదా."

"ముప్పై మంది ముంగట చెప్తె ఇంక బొట్టు పనిజేస్తదా?"

చిన్నవాళ్లు మీరు, ఒక మాట వినండి. ఈ సంగతి విని నేను దేవుడి వైపు తిరిగానని ఎవరైనా సంతోషిస్తుంటే ఆ సంతోషం కట్టిపెట్టండి. ఆ చెల్కలో ఆ కట్టెను దేవుడని నమ్మనివాళ్లం ఇద్దరం ఉన్నాం. ఇద్దరిలో ఆలోచించింది ఆమె. నేను ఆమెను ఎన్నో ప్రశ్నలడిగాను కానీ, ఒక్కదానికీ జవాబు వినాలని అడగలేదు. సంస్కర్తలకు పట్టే జబ్బుల్లో ఇది మొదటిది. దీనికి మందు మోకు దెబ్బ.

జీపు వచ్చింది. పెద్ద ఇంజనీరు పొడగరి, తక్కువ మాట్లాడే మనిషి, నుదుట విభూతి. ఇత్తడి మొలను చూసి తల ఊపాడు. తరవాత నేల వంక చూశాడు.

"నాగలి చాలు ఖుంటీకి ఇటు వైపు వచ్చి ఆగింది, అటు వైపు అదే వరసలో మళ్లీ మొదలైంది. ఎద్దులు దీని మీంచి ఎగిరి దూకాయా?" అన్నాడు.

మేమెవరమూ చాళ్ల సంగతి ఆలోచించలేదు. అప్పుడు ఆ భర్త చేతులు కట్టుకుని, "మహిమ సార్" అన్నాడు.

"ఏమిటి?"

"మహిమ సార్. ఎడ్లు గీడికి రాంగనే ఆగినయి. నాగలి దానంతటదే పైకి లేసింది. అటుపక్క దిగింది. నా చేతుల్ల ఏం లేదు."

"నేను సూసిన" అన్నాడు ఒక ఖలాసీ. "గంట మోగినట్టు కూడ ఇనవడ్డది" అన్నాడు ఇంకొకడు. ఇంజనీరు చెయ్యి తెలియకుండానే గుండె మీదికి పోయింది. సాయిబుగారు ఆకాశం వంక అమాయకంగా చూస్తున్నాడు. మీకు నా అవస్థ అర్థమవుతోందా? ఒక పెద్ద అధికారి ముందు ఒక మహిమను బద్దలుకొట్టే అవకాశం కోసం నేను ఏళ్ల తరబడి కాచుకుని ఉన్నాను. తీరా వచ్చిన మహిమ, సాయిబుగారి నౌకరీని కాపాడుతున్న మహిమ.

"సరే, పుస్తకం ఇవ్వండి" అన్నాడు ఇంజనీరు.

పుస్తకంలో మహిమలకు గడి లేదు. ఆనవాళ్లకు ఉంది, అది ఖాళీగా ఉంది, కింద సాయిబుగారి సంతకం ఉంది. ఆయన పుస్తకం అందించబోయాడు. నేను మధ్యలోకి వెళ్లాను.

"సార్, మహిమ కాదు. ఖుంటీని నిన్న నేను పీకాను. ఆనవాళ్లు రాయాల్సింది నేను, రాయలేదు. రాస్తానని చెప్పి ఆయన చేత సంతకం పెట్టించాను. ఆయన తప్పు నన్ను నమ్మడం ఒక్కటే."

"చుప్ బైఠ్" అని సాయిబుగారు పళ్ల మధ్య నుంచి అన్నాడు.

"ఎందుకు పీకావు?" అన్నాడు ఇంజనీరు.

"దేవుడు లేడని చూపించడానికి సార్."

"చూపించావా?"

"లేదు సార్. ఖుంటీ లేకపోతే ఏమవుతుందో చూపించాను."

ఆయన నవ్వలేదు. మళ్లీ చోటు ఎలా దొరికిందని అడిగాడు. చెప్పాను. ఆమెను పిలిచి మోకులు పట్టించాడు. ముడి దాకా తానే గొలుసుతో కొలిచాడు, నమ్మక రెండోసారి కొలిచాడు. ముడి ఇత్తడి మొల మీద పడింది, వడ్లగింజంత తేడా లేదు. కలం తీసి ఖాళీ గడిలో రాశాడు. మోటబావి రాతి కంబం నుంచి ఇంత, హద్దురాయి నుంచి ఇంత. కొలిచినవారు అన్నచోట, "ఈ రైతు భార్య" అని పైకి చదువుతూ రాయబోయాడు.

"గదేంది సారూ. కొలిచింది నేను, ఆయన్నెందుకు రాస్తవ్?" అంది ఆమె.

ఇంజనీరు ఆగి, ఆమె పేరు అడిగి, ఆ పేరే రాశాడు. నేనిక్కడ రాయను. ఆ పుస్తకం ఏ బీరువాలో ఉన్నా ఆ పేరు అందులో ఉంది. సాయిబుగారి వైపు తిరిగి, "గడి నిండింది. దాని కింద మీ సంతకం ఉంది. ఇందులో నాకు తప్పేమీ కనపడటం లేదు" అని పుస్తకం ఇచ్చేశాడు. నా వైపు తిరిగి, "నువ్వు ఇక్కణ్నించి కృష్ణ ఒడ్డున వాడపల్లి దాకా ప్రతి పెద్ద ఖుంటీకి ఆనవాళ్లు కొలిచి రాసుకురా. గొలుసు నువ్వే మోయి" అన్నాడు.

"రైలెప్పుడొస్తది సారూ?" అని ఆమె అడిగింది.

"ఢిల్లీలో తేలాలమ్మా."

"ఢిల్లీల ముడేసెటోళ్లు లేరా?" అంది. ఆయన అప్పుడు నవ్వాడు.

ఢిల్లీలో ముడి పడలేదు. ఫైలు పడుకుంది. మిర్యాలగూడకు రైలు రావడానికి ఆ తరవాత దశాబ్దాలు పట్టింది. వచ్చిన లైను వేరే దారిలో వచ్చింది, మా జంక్షన్ ఎవరికీ గుర్తు లేదు. సాయిబుగారు మాత్రం ఐదు నెలలు పూర్తిచేసి, సాఫ్‌గా ఉన్న పుస్తకంతో, పూలదండతో ఇంటికి పోయాడు.

వాడపల్లి దాకా నడవమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. అయినా నా వెంట వచ్చాడు. "నువ్వు ఒక్కనివే పోతె దారిల ఎవరితోనన్న బహస్, వాదులాట పెట్టుకుంటవ్" అన్నాడు. ఎనిమిది రోజులు గొలుసు మోశాను. చివరి రోజు, మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటికి దగ్గరలో, ఆఖరి ఖుంటీ నుంచి ఒక బండరాయి దాకా కొలుస్తుండగా ఆయనకు నమాజు వేళయింది. తన కొసను ఖుంటీకి తగిలించి, "గట్టిగ పట్టుకో. వదిలితె మల్ల మొదటికెల్లి" అని చెప్పి, తుండుగుడ్డ పరుచుకున్నాడు. బండరాయి దగ్గర గొలుసు బిగబట్టుకుని, ఊపిరి కూడా ఆచితూచి పీలుస్తూ నిలబడ్డాను.

అటుగా వెళ్తున్న బండివాడు ఎడ్లను ఆపి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఆ సాయిబు నమాజు జేస్తుండు. నువ్వేం జేస్తున్నవ్ సారూ, కదలక మెదలక?"

"ఆయన లేచేదాకా గొలుసు జారకుండా పట్టుకున్నాను."

"గట్లనా. ఐతె ఇద్దరిది ఒకటే పని" అని ఎడ్లను అదిలించాడు.

ఒకటి కాదని చెప్పడానికి నా దగ్గర పది నిమిషాల వాదం సిద్ధంగా ఉంది. నోరు కూడా తెరిచాను. కానీ రెండు చేతులూ గొలుసు మీద ఉన్నాయి. చేతులు ఊపకుండా వాదించడం నాకు చేతకాదు. బండి వెళ్లిపోయింది.